నీళ్లిచ్చిన చేతికి

ఫిబ్రవరి 11

టీచర్‌కి చెప్పలేనివి ఎక్కువైపోయాయి. అందుకే రాస్తున్నాను.

ఇన్నేళ్లూ ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టేవాణ్ని. ఏ బిల్డింగులో లిఫ్టు మొరాయించింది, ఏ మోటారు మూలిగింది, ఎవరు నా మీద విసుక్కున్నారు. నేను ఒకటి చెబితే ఆమె నాలుగు చెప్పేది. చర్చి సంఘంలో ఆడవాళ్లు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. బడి పిల్లలు, వీధిలోవాళ్లు, చివరికి కట్టుకున్న నేనూ టీచర్ అనే పిలుస్తాం.

ఇప్పుడు ఆమె వింటుంది. అర్థం చేసుకుంటుంది. మాట మాత్రం లేదు. బోర్డు మీద లెక్క చేస్తూ ఉండగా పక్షవాతంతో కుడి చెయ్యీ మాటా ఒకేసారి పోయాయి. చాక్‌పీసు జారి పడితే పిల్లలు నవ్వారట. ఆ పిల్లలు తర్వాత ఎంత ఏడ్చారో హెడ్మాస్టరు చెప్పారు.

పాస్టర్ గారు వచ్చి, "దేవుడి మీద కోపం పెట్టుకోవద్దు బ్రదర్" అన్నారు. నాకు కోపం ఎందుకుంటుంది? కోపం లేదు.

ఈ పుస్తకం టూల్ బ్యాగులోనే ఉంటుంది. భోజనం వేళ మెషిన్ రూములో రాసుకుంటాను. ఇంట్లో బయటికి తీయను.

ఫిబ్రవరి 14

టీచర్ వాళ్ల అక్క వచ్చింది, సాయంగా ఉండటానికి. వదిన వస్తే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. వంట, బట్టలు, టీచర్‌ని మంచం మీద లేపి కూర్చోబెట్టడం, అన్నీ తనే. మా అమ్మాయి మళ్లీ కాలేజీకి వెళ్తోంది.

ఒక్కటే ఇబ్బంది. వదిన నోట్లోంచి స్తోత్రం అనే మాట వక్కపలుకులా ఎప్పుడూ ఊడదు. దుప్పటి ఆరితే స్తోత్రం. పోయిన చెంచా దొరికితే స్తోత్రం. టీచర్ రెండు ముద్దలు ఎక్కువ తింటే పెద్ద స్తోత్రం.

ఫిబ్రవరి 20

కోపం లేదు. ఆదివారం గుడికి వెళ్లలేదు, ఎమర్జెన్సీ కాల్ ఉంది కాబట్టి. కాల్ నేనే అడిగి వేయించుకున్నాను. అది వేరే సంగతి.

మార్చి 2

టీచర్ ఇవాళ ఏదో కావాలని చూపించింది. అమ్మాయి గ్లాసు తెచ్చింది, కాదంది. దిండు, కాదు. కళ్లజోడు, కాదు. కిటికీ మూశాం, తెరిచాం. ఆమె నోరు తెరిస్తే "ద, ద, ద" అని ఒకటే శబ్దం. ఆఖరికి ఎడమ చేత్తో మంచాన్ని కొట్టి గోడవైపు తిరిగిపోయింది. ఏం కావాలో మాకు తెలియనే లేదు.

అప్పుడే వదిన వంటింట్లో పాలు పొంగకుండా పట్టుకుని, "దేవునికి స్తోత్రం" అంది.

వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను. "దేనికి వదినా స్తోత్రం? పాలు నిలిచినందుకా? నోరున్న మనిషి మూగదయిందే, ఆ లెక్కలో పాలు ఎంత? ఇకమీదట ఆ మాట నా ఇంట్లో వినపడకూడదు."

వదిన స్టవ్ ఆపింది. "సరే మరిదిగారూ" అంది.

మార్చి 5

అనడం మానేసింది. చెప్పిన మాట విన్నందుకు నాకు సంతోషంగా ఉండాలి. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్లూ మా ఇంట్లో మాట్లాడుతున్నది ఆ ఒక్క మనిషేనని ఇప్పుడు తెలుస్తోంది.

మార్చి 9

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

మాటలు నేర్పే థెరపీ అమ్మాయి దగ్గరికి టీచర్‌ని తీసుకెళ్లాం. చిన్న గది, రెండు కుర్చీలు, గోడ మీద నోటి బొమ్మ. ఆ అమ్మాయి కప్పు బొమ్మ ఉన్న అట్ట చూపించి "ఇదేంటి?" అంది. టీచర్ "ద, ద" అంది. తాళంచెవి. "ద, ద". ఎన్ని వందల మంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషో. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

థెరపీ అమ్మాయి అట్టలు పక్కన పెట్టేసింది. "అంకుల్, ఆంటీకి బాగా అలవాటున్న పాట ఏదైనా ఉందా? ఏదైనా పర్లేదు. జోలపాట, బడి పాట."

"ఎందుకు?"

"మాట మెదడులో ఒక పక్క ఉంటుంది, రాగం ఎక్కువగా ఇంకో పక్క. ఆంటీకి మాట పక్కన దెబ్బ తగిలింది. కొందరికి మాట రాకపోయినా పాట వస్తుంది. ఆ దారిలోంచి మాటని మెల్లగా తీసుకురావచ్చు. అందరికీ కుదురుతుందని చెప్పను. చూద్దాం."

నాకు ఏ పాటా తట్టలేదు. వదిన నావైపు చూసింది. చెప్పనా వద్దా అన్నట్టు.

"పాడండి వదినా" అన్నాను.

టీచర్ వాళ్ల తాతయ్య కట్టిన పాట అది. ఏ పాటల పుస్తకంలోనూ లేదు. ఆయన పొద్దున్నే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పాడించేవాడట. అక్కచెల్లెళ్లిద్దరూ దాంతోనే నిద్ర లేచేవారట. వదిన కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"తెల్లవారనిచ్చిన చేతికి స్తుతి, అన్నమిచ్చిన చేతికి స్తుతి..."

టీచర్ తల ఎత్తింది.

"నీళ్లిచ్చిన చేతికి..." అని వదిన ఆగింది, ఊపిరి కోసం.

"స్తుతి" అని టీచర్ పాడింది.

స్పష్టంగా. రాగం తప్పకుండా. ద కాదు. పాడి, తనే బెదిరిపోయి నా చెయ్యి పట్టుకుంది. వదిన పెదవులు బిగించుకుని కూర్చుంది. అనాల్సిన మాట గొంతులో అడ్డం పడి ఉంటుంది. నేను వద్దన్నాను కదా.

మార్చి 10

పొద్దున వదినతో, "ఆ మాట అనుకోండి. నాకేం పర్లేదు" అన్నాను.

"అనుకుంటూనే ఉన్నా మరిదిగారూ. మీకు వినపడకుండా."

మార్చి 17

రోజూ పని మీద బయల్దేరేముందు మంచం పక్కన కూర్చుని పాడాలి. థెరపీ అమ్మాయి ఆజ్ఞ. వదిన పాడితే సరిపోదట, రోజూ ఉండబోయే మనిషి నేను కాబట్టి నేనే పాడాలట. టీచర్ ఎడమ చేతిని పట్టుకుని, ఒక్కో మాటకూ ఒక్కోసారి తట్టాలి. నిన్న టీచర్ మొత్తం నాలుగు లైన్లూ పాడింది. పాట ఆగగానే మళ్లీ ద, ద.

ఇది ఎక్సర్‌సైజు. కాలికి కాలు ఎక్సర్‌సైజు, చేతికి చెయ్యి ఎక్సర్‌సైజు, నోటికి ఇది. అందులో ఏ మాటలున్నాయన్నది ముఖ్యం కాదు.

మార్చి 29

"నీళ్లు."

పాట కాదు. మధ్యాహ్నం దాహమేసి, పాట ఎత్తుకుని, తెల్లవారడం దాటి అన్నం దాటి నీళ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయిందట. మళ్లీ అంది, ఈసారి రాగం లేకుండా. "నీళ్లు." వదిన గ్లాసు ఇచ్చింది. అమ్మాయి నాకు ఫోన్ చేసింది. అప్పుడు నేను గ్రీజు చేతులతో లిఫ్టు గుంతలో ఉన్నాను. ఫోనుకంతా గ్రీజు అంటుకుంది.

ఏప్రిల్ 3

థెరపీ అమ్మాయికి ఇంకో ఆలోచన వచ్చింది. అదే రాగంలో కొత్త లైన్లు పెట్టమంది. ఆంటీకి రోజూ ఏ మాటలు కావాలో అవి.

"కట్టండి అంకుల్. ఫలానాది ఇచ్చిన చేతికి స్తుతి. అంతే కదా."

అంతే. దుప్పటి ఇచ్చిన చేతికి స్తుతి. దిండు ఇచ్చిన చేతికి స్తుతి. మందిచ్చిన చేతికి స్తుతి. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. దేవుడితో మాటల్లేనివాణ్ని, రోజుకొక కృతజ్ఞత వెతికి తెచ్చే పనిలో నన్నే పెట్టారు.

మాటల్లేవని రాశాను. కోపం లేదని ముందు రాశాను. సరే, ఉంది.

ఏప్రిల్ 18

ఇవాళ్టి మాట: కిటికీ.

ఏప్రిల్ 19

ఇవాళ్టి మాట: ఫ్యాను. టీచర్ అక్కడితో ఆగక "ఫ్యాను వద్దు" అంది. రెండు మాటలు.

ఏప్రిల్ 27

పని చేస్తున్నా కళ్లు వెతుకుతున్నాయి. రేపటికి ఏ మాట తీసుకెళ్లాలా అని. ఇవాళ ఎనిమిదో అంతస్తు పైన మెషిన్ రూము తలుపు తీసేసరికి వాన మొదలైంది. ఆ వాసన. వాన అని ఒక లైను. ముందు ఇలాంటివి కనపడేవి కావు. ఎక్సర్‌సైజు కోసం వెతుకుతున్నాను కాబట్టి కనపడుతున్నాయి, అంతే.

మే 6

ఇవాళ ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒకావిడ, ఒంటరిగా. లైటు కూడా పోయింది. నా జోడీ మెకానిక్ మోటారుని చేత్తో తిప్పి లిఫ్టు దించడానికి మెషిన్ రూముకి వెళ్లాడు. నేను తలుపు సందు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అమ్మా, తాళ్లు తెగవు. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే బ్రేకు పట్టుకుని ఆగిపోవడమే లిఫ్టు పని. ఆగింది కాబట్టే మీరు క్షేమం."

"నాకు ఊపిరాడట్లేదు. మీరు మాట్లాడుతూనే ఉండండి. ఆపకండి."

ఎంతసేపని మాట్లాడతాం? తాళ్ల గురించి చెప్పాను, బ్రేకు గురించి చెప్పాను, బయట ఎండ గురించి చెప్పాను. సరుకు అయిపోయింది. లోపల ఆవిడ ఏడుస్తోంది. నేను పాడటం మొదలుపెట్టాను. గాలిచ్చిన చేతికి స్తుతి. తాళ్లిచ్చిన చేతికి స్తుతి. బ్రేకు పట్టిన చేతికి స్తుతి. వెనక జనం పోగయ్యారు. ఎవరో నవ్వారు కూడా. నేను ఆపలేదు. మెల్లగా లోపలి ఏడుపు సన్నబడింది.

బయటికి వచ్చాక ఆవిడ ముఖం తుడుచుకుని, "ఆ పాట ఏంటండీ?" అంది.

"మా ఆవిడ ఎక్సర్‌సైజు" అన్నాను.

మెట్లు దిగుతుంటే నా జోడీగాడు, "నీకు ఈ కళ కూడా ఉందని తెలీదన్నా" అని ఆటపట్టించాడు. నాకేం తెలుసు? చీకట్లో ఇరుక్కున్న మనిషికి ఇవ్వడానికి జేబులన్నీ తడుముకుంటే దొరికింది అదొక్కటే.

మే 7

వదిన ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని అడిగాను, ఈసారి కోపంగా కాదు. "మీకెలా వస్తుంది వదినా ఆ మాట? అన్నయ్యగారు పోయినప్పుడు కూడా అన్నారా?"

"అప్పుడు అనలేదు. చాన్నాళ్లు అనలేదు." తరగడం ఆపలేదు. "ఆ నోరు ఖాళీగా ఉంటుందా? తిట్లొచ్చేవి. డాక్టర్ని, అత్తగారిని, పిల్లల్ని, చచ్చిపోయిన ఆయన్ని కూడా. ఒకరోజు నా చిన్నది చెవులు మూసుకుని బల్ల కింద కూర్చుంది. అది చూసి మొదలెట్టా. నమ్మకం వచ్చేసి కాదు మరిదిగారూ. నా తిట్లు నేనే వినలేక."

"తర్వాత నమ్మకం వచ్చిందా?"

"ఒక్కోరోజు వస్తుంది. రాని రోజున కూడా అంటాను. ఇదంతా బాగుందని కాదు. దేవుడు మంచివాడని. ఆ రెండూ ఒకటి కాదు కదా."

కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలకేనేమో.

మే 21

ఆదివారం గుడికి వెళ్లాను. వెనక వరసలో కూర్చున్నాను. ఎక్సర్‌సైజుకి పనికొచ్చే పాటలు ఏవైనా దొరుకుతాయని.

జూన్ 4

టీచర్ ఇవాళ పాడినవి: అన్నం, నీళ్లు, నిద్ర, దిండు, కిటికీ, వాన, అక్క, అమ్మాయి. వాటిలో రాగం లేకుండా అన్నవి దాదాపు అన్నీ. వదిన తన ఇంటికి బయల్దేరింది. ఆమె పిల్లలు కూడా ఎదురు చూస్తున్నారు. గుమ్మం దగ్గర టీచర్ "అక్క, వెళ్లి, రా" అంది. వదిన స్తోత్రం అనడం కూడా మర్చిపోయి బావురుమంది.

జూన్ 23

ఆస్పత్రి. మళ్లీ వచ్చింది. పొద్దున్నే, పాట మధ్యలో. చెయ్యి తడుతున్నాను, ఆ చెయ్యి బిగుసుకుపోయింది.

జూన్ 24

లోపలికి పంపించడం లేదు.

జూన్ 25

పాస్టర్ గారు పొద్దున వచ్చారు. కారిడార్లో ఇనప కుర్చీల మీద కూర్చున్నాం. "ఏమని ప్రార్థన చేద్దాం బ్రదర్?" అన్నారు. ఆయన మంచి మనిషి. బాగు చేయమని అడగాలనే ఉంది, నోరు రాలేదు. మొదటిసారి అడిగి అడిగి అరిగిపోయిన నోరు.

ఆయన వెళ్లాక ఆ అద్దాల తలుపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి తెలిసింది, మోకాలి మీద నా చెయ్యే నా రెండో చేతిని తడుతోందని. పెదవులు కదులుతున్నాయి. తెల్లవారనిచ్చిన చేతికి. అన్నమిచ్చిన చేతికి. ఏడుస్తూ పాడుతున్నాను.

ఎదురుగా టీచర్ లేదు. నేర్పాల్సిన మాట లేదు. దీన్ని ఎక్సర్‌సైజు అని రాయడానికి కుదరదు.

దేవుడా, బాగు చేస్తావని పాడలేదు. చేయకపోతే ఊరుకుంటానని కూడా కాదు. నువ్వు ఉన్నావు, మంచివాడివి, నాకు నీ మీద కోపంగా ఉంది, నీకు స్తుతి. ఇవన్నీ ఒక్క నోటితో అన్నాను. ఏదీ అబద్ధం కాదు.

ఏమీ మారలేదు. తలుపు అలాగే ఉంది. నేను మాత్రం లేచి వెళ్లి ముఖం కడుక్కుని, అమ్మాయికి తినడానికి కొనిచ్చి, నేనూ తిన్నాను. ఆస్పత్రికి వచ్చాక అదే మొదటి ముద్ద.

జూలై 8

ఇంటికి వచ్చాం. ప్రాణం దక్కింది. మాట పోయింది, ఈసారి పాటతో సహా. థెరపీ అమ్మాయి చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. "రావచ్చు, రాకపోవచ్చు అంకుల్. ఈసారి ఆ రెండో దారి కూడా దెబ్బతింది."

జూలై 9

పాడాను. టీచర్ చూసింది.

జూలై 10

పాడాను.

జూలై 30

పొద్దున పాడుతుంటే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "నాన్నా, ఆపు" అంది.

ఆపాను.

"అమ్మకి రావట్లేదు. రోజూ నువ్వు పాడతావ్, అమ్మ నీ మొహం చూస్తూ కూర్చుంటుంది. నాకు చూడబుద్ధి కావట్లేదు. ఇక రాదు నాన్నా. ఎవరి కోసం పాడుతున్నావ్?"

"అమ్మకి రావాలని కాదమ్మా."

"మరి?"

వదినలా చెప్పడం నాకు చేతకాదు. "పాడకపోతే నేనేమవుతానో నాకు భయంగా ఉంది" అన్నాను. "పాడాక కాసేపు మీ అమ్మ జబ్బు నాకంటే చిన్నగా కనపడుతుంది. లేకపోతే అదే ఇల్లంతా నిండిపోతుంది."

అమ్మాయి బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు 1

ఇవాళ అమ్మాయి వచ్చి మంచానికి అటువైపు కూర్చుంది. పాడలేదు. వాళ్లమ్మ కుడి చెయ్యి, కదలని చెయ్యి, ఒళ్లో పెట్టుకుంది.

ఆగస్టు 2

అమ్మాయి కూడా పాడింది. నెమ్మదిగా, నా వెనకాల.

ఆగస్టు 20

టీచర్‌ని చక్రాల కుర్చీలో గుడికి తీసుకెళ్లాం. దారిపొడవునా పలకరింపులు. బడి పిల్లలు కుర్చీ తోయడానికి పోటీలు పడ్డారు.

దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ పాస్టర్ గారు నావైపు చూశారు. నేను లేవాలనుకోలేదు. లేచాను. ముందుకు వెళ్లి నిలబడేసరికి అందరి ముఖాల్లోనూ ఎదురుచూపు. అద్భుతం వినబోతున్నామన్నట్టు.

"చెప్పుకోవడానికి సాక్ష్యం ఏమీ లేదండి" అన్నాను. "టీచర్‌కి మాట వచ్చింది, పోయింది. ఇంకా రాలేదు. రోజూ పొద్దున ఇంట్లో ఒక పాట పాడుకుంటాం. మీక్కూడా పాడి వినిపిస్తాను. వాళ్ల తాతయ్యగారు కట్టింది."

జీవితంలో మొదటిసారి జనం ముందు పాడాను. ఎంత కిందికి ఎత్తుకోవాలో తెలియక మరీ పైకి ఎత్తుకున్నాను. "అన్నమిచ్చిన" దగ్గర గొంతు రెండుగా చీలింది. కీబోర్డు కుర్రవాడు ఏ శ్రుతిలో అందుకోవాలో తెలియక చేతులు గాల్లోనే ఉంచాడు. ముందు వరసలో పెద్దావిడ ప్రార్థన చేస్తున్నట్టు తల దించుకుంది. నేను ఆపలేదు. "నీళ్లిచ్చిన చేతికి" అంటూ ఇంకా పైకి పోయాను, దిగడానికి మెట్లు లేవు.

ఎక్కడో నవ్వు వినపడింది.

టీచర్. ఒంటిచేత్తో కుర్చీ పట్టుకుని, ముఖం సగమే కదులుతున్నా పూర్తిగా నవ్వుతోంది. నెలల తర్వాత. అమ్మాయి వాళ్లమ్మని చూసి నవ్వింది, తర్వాత గుడంతా నవ్వింది. నేను కూడా నవ్వుతూ, ఏడుస్తూ, ఉన్న లైన్లన్నీ పూర్తి చేశాను. ఆఖరి లైనుకి అందరూ కలిశారు.

ఇంటికి వచ్చాక కుర్చీ గుమ్మం దాటిస్తూ, "ఎందుకంత నవ్వావు?" అని ఊరికే అడిగాను. జవాబు వస్తుందని కాదు.

టీచర్ నోరు తెరిచింది. మూసింది. ఎడమ చేతి వేలు నా మెడ దాకా తెచ్చి తట్టింది, పాటకి నేను తట్టేటట్టు.

"గొంతు" అంది. చాలాసేపు ఆగింది. "బా... లేదు."

అమ్మాయి గుమ్మంలోనే కూలబడి నవ్వుతోంది. ఈ పుస్తకంలో ఎక్కడా ఇంతమంచి వార్త లేదు: టీచర్ మళ్లీ అన్న మొదటి మాట ఏ పాటలోదీ కాదు, ఎవరూ నేర్పింది కాదు, అచ్చంగా తనది, నన్ను వెక్కిరించడానికి.

వదినకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. అటువైపు ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. ఆమె నోరు తెరిచేలోపే నేను అనేశాను.

"దేవునికి స్తోత్రం వదినా."